యాడికని అడిగిన చిలుక

"ఈ ఇంట్లో చిలుక ఉందని కంప్లైంట్ వచ్చింది."

షారుక్ తలెత్తాడు. అంగడి గుమ్మంలో ఖాకీ ప్యాంటు, ఖాకీ చొక్కా, నడుముకు బెల్టు. ముఖం మాత్రం లేదు. గుత్తి ఎండలో స్కూటీ నడిపే ఆడపిల్లలందరిలాగే కళ్లు తప్ప మిగతాదంతా స్కార్ఫ్‌లో చుట్టేసుకుంది.

అతని ముఖమూ కనిపించే స్థితిలో లేదు. దూది ఏకే మిషన్ ముందు ముక్కుకు తువ్వాలు కట్టుకుని కూర్చున్నాడు. జుట్టు మీద దూది, కనుబొమల మీద దూది, రెప్పల మీద దూది. పెళ్లి కావలసిన వయసులో మనవళ్లున్న ముసలాయనలా ఉన్నాడు.

"చిలకా? ఇది పరుపుల అంగడి మేడమ్. దిండ్లు కావాల్నా?"

"నేను ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ని. దిండ్లు కొనడానికి రాలేదు."

"పోనీ, పరుపు?"

స్కార్ఫ్ పైన కళ్లు చిన్నవయ్యాయి. "వన్యప్రాణుల చట్టం తెలుసా? రామచిలుకను పంజరంలో పెడితే మూడేండ్ల దాకా జైలు. జుల్మానా వేరే."

షారుక్ మిషన్ ఆపేశాడు. పంజరం ఎక్కడో లేదు. వెనక గదికి కట్టిన ఆ పూల కర్టెన్ అవతలే ఉంది. నయమేమిటంటే, అందులోని చిలుక నవాబు ఇప్పుడు నిద్రలో ఉన్నాడు. మధ్యాహ్నం వాడికి కునుకు తప్పదు. వాడు లేచేలోపు ఈమెను సాగనంపాలి.

"మా ఇంట్లో పిట్టలే లేవు మేడమ్. పక్క వీధిలో ఒకాయప్ప లవ్‌బర్డ్స్ అమ్ముతాడు, పోయి పట్టుకోండి."

"అవి బయటి దేశం పిట్టలు. వాటిని పెంచుకోవచ్చు."

"ఇదేం న్యాయం మేడమ్! ఆస్ట్రేలియా పిట్టను పెట్టుకుంటే ముద్దు, మన గుత్తి కోట పిట్టను పెట్టుకుంటే జైలా?"

"ఆస్ట్రేలియా పిట్టకు ఈడ గూడు లేదు. మన పిట్టకు ఉండాది." చెప్పి ఆగింది. "ఔనూ, పిట్టే లేదంటివి గదా. మరి గుత్తి కోట పిట్ట యాడ్నించి వచ్చింది?"

షారుక్‌కు దగ్గొచ్చింది. దూది వల్లేనని ఇద్దరూ అనుకుంటే బాగుండు. "మాటవరసకు అన్నా మేడమ్."

ఆమె ఒకసారి కర్టెన్ వైపు చూసింది. "సరే. సాయంత్రం రేంజర్ సార్‌తో వస్తా. అప్పుడు మాటవరస ఉండదు."

వెనక్కి తిరిగింది. గడప దాటింది.

"యాడికి పోతాండావ్?"

కర్టెన్ వెనక నుంచి. స్పష్టంగా.

ఆమె ఆగింది. "ఎవరది?"

"మా జేజి. ముసల్ది గదా మేడమ్, అందర్నీ అట్లే అడుగుతాంటాది."

"ఎవుర్రా ముసల్ది?"

ఈ గొంతు వీధిలోంచి వచ్చింది. వంకాయల సంచి మోసుకుంటూ షారుక్ నాయనమ్మ రసూల్‌బీ మెట్లెక్కుతోంది.

కర్టెన్ వెనక నవాబు పూర్తిగా నిద్ర లేచాడు. "యాడికి? యాడికి? యాడికి పోతాండావ్?"

షారుక్ కళ్లు మూసుకున్నాడు. రెప్పల మీది దూది రాలింది.

ప్రయాణమయ్యే మనిషిని యాడికని అడగకూడదు. అడిగితే వెళ్లిన పని కాదు. ఎవరైనా నోరుజారి అడిగితే, ఆ మనిషి వెనక్కొచ్చి, కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. ఆ సీమలో మతంతో పనిలేని చట్టం అది. మసీదుకు పోయేవాళ్లూ పాటిస్తారు, చర్చికి పోయేవాళ్లూ పాటిస్తారు.

నవాబు మాత్రం పాటించడు. వాడికి వచ్చింది ఆ ఒక్క మాటే. ఎవరు గడప దాటినా అడిగేస్తాడు. షారుక్ నాన్న ఖాజా హుస్సేన్ దాన్ని వ్యాపారానికి కూడా వాడుకున్నాడు. బేరం కుదరక వెళ్లిపోయేవాళ్లు నవాబు అడగగానే వెనక్కొచ్చి కూర్చుంటారు. కూర్చున్నాక ఒక దిండైనా కొంటారు.

"రా పాపా, కూర్చో," అంది రసూల్‌బీ. "యాడికని అడిగించుకొని ఎట్ల పోతావు? నీళ్లు తాగి పో."

"డ్యూటీలో ఉన్నానవ్వా."

"డ్యూటీవాళ్లకు దప్పిక కాదా?"

చేసేదేమీ లేక ఆమె అక్కడున్న పరుపు మీద కూర్చుంది. అది ఇంకా కుట్టని పరుపు. నడుము దాకా దిగిపోయింది. రసూల్‌బీ చెంబు అందించింది. నీళ్లు తాగాలంటే స్కార్ఫ్ విప్పాలి.

విప్పింది.

గడ్డం కింద చిన్న గాటు. కోట మెట్ల మీద పడితే తగిలిన గాటు. ఆ రోజు దానికి పసుపు అద్దింది ఈ జేజే.

"షాహిదా?"

చెంబు ఆమె పెదవుల దగ్గరే ఆగిపోయింది. దూది తలకాయను ఎగాదిగా చూసింది. షారుక్ తువ్వాలు లాగేసి తల విదిలించాడు. గది నిండా తెల్లటి మబ్బు లేచింది. ఆమెకు తుమ్మొచ్చింది. తుమ్ము అయ్యాక, చాలా మెల్లగా అంది:

"షారూ?"

పదేళ్ల కిందట, ఇద్దరికీ పదో తరగతి పరీక్షలు ముగిసిన వేసవి అది. షాహిదా నాన్నది రైల్వేలో ఉద్యోగం. అప్పుడు షారుక్‌వాళ్ల ఇల్లు ఇది కాదు, కోట కింది వీధిలో ఉండేది; దాని ఎదురింట్లోనే షాహిదావాళ్లు అద్దెకు ఉండేవాళ్లు. ఒక సాయంత్రం ఇద్దరూ కోట మీదుండగా వాన పట్టుకుంది. అనంతపురం వైపు వాన అంటే వాన కాదు, వార్త. ఊరంతా వీధుల్లోకొచ్చి తడుస్తుంటే వీళ్లిద్దరూ కోట వాకిలి కింద నిలబడి నవ్వుకుంటున్నారు. గోడ కన్నంలోంచి ఏదో జారి షాహిదా కాళ్ల దగ్గర పడింది. ఈకలు కూడా సరిగా రాని చిలుక పిల్ల.

ఆమె దాన్ని చున్నీలో చుట్టింది. వాళ్లింట్లో అమ్మ ఒప్పుకోదు. కాబట్టి పిల్ల షారుక్ ఇంటికి చేరింది. నవాబు అని పేరు పెట్టింది షాహిదాయే. రోజూ సాయంత్రం నానబెట్టిన శనగపప్పు గిన్నెతో వచ్చేది. పిట్ట తినేది గుప్పెడు. ఆమె కూర్చునేది దీపాలు పెట్టేదాకా. మిగిలిన పప్పు ఎవరు తినేవారో రసూల్‌బీకి తెలుసు.

జూన్‌లో ఒక ఉదయం ఎదురింటి ముందు సామాన్ల లారీ ఆగింది. షాహిదా ఆటో ఎక్కింది. మలుపు తిరిగేదాకా వెనక్కే చూస్తూ ఉంది. అంతే.

ఇప్పుడు చెంబు పక్కన పెట్టి, ఖాకీ చొక్కా సర్దుకుని, షాహిదా ఆ చూపే మళ్లీ చూసింది.

"గుర్తొచ్చినానా ఇప్పుడు? ఆ పొద్దు ఆటో ఎక్కేదాకా నీ తట్టే చూస్తాంటి. ఒక్క మాట అడిగినావా, యాడికి పోతాండావని?"

షారుక్ జేజి వైపు చూశాడు. జేజి వంకాయల వైపు చూసింది.

"అడగబోయినా. జేజి నా నోరు మూసింది."

"మూయక?" అంది రసూల్‌బీ. "సామాన్లు ఎత్తుకొని పయనమైనోళ్లను యాడికని అడగొచ్చునా?"

"తర్వాతైనా కనుక్కోవచ్చు గదా!" షాహిదా గొంతు పెరిగింది.

"కనుక్కున్నా! ఏదో గుంట అన్నారు అనింది జేజి. రేణిగుంట పోయినా. ఒకసారి కాదు, శానాసార్లు. స్టేషన్ కాడ, రైల్వే క్వార్టర్స్ కాడ, కాలేజీల ముందర. ఆ ఊర్లో టీ అంగళ్లోళ్లకు నేను చుట్టమైపోయినా."

షాహిదా నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది.

"రేణిగుంటా? మేము పోయింది గుంతకల్లుకురా!"

గుంతకల్లు. గుత్తిలో రైలెక్కి పల్లీల పొట్లం విప్పితే, అది అయిపోకముందే వచ్చే ఊరు.

"గుంతో, గుంటో," అంది రసూల్‌బీ. "రైల్వే వాళ్లు గట్టిగా చెప్పి పోవాల."

షాహిదా నవ్వింది. ఆపుకోలేక నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"యాడికి పోతాండావ్?" అన్నాడు నవాబు, తనను మరిచిపోయారని.

"దీనికెవరు నేర్పినారు ఈ మాట?"

"ఎవరూ నేర్పలేదు." షారుక్ దూది గోటితో గిల్లుతున్నాడు. "ఆ పొద్దు నోట్లోనే ఉండిపోయింది గదా. దీని ముందర కూర్చొని దినామూ అనుకుంటాంటి. అది పట్టుకునింది."

ఆమె లేచి కర్టెన్ తీసింది. ఎర్రటి ముక్కు, మెడలో గులాబీ రంగు పట్టీ. వేలు పెడితే మెల్లగా కొరికాడు నవాబు. ఆమె వాడి తోక చూసింది. కమ్మీలకు రాసుకుని రాసుకుని చివరలు చీలిపోయాయి.

"సాయంత్రం గుంపులు కోట మీదికి పోతాంటాయి గదా. అప్పుడేం చేస్తాడు?"

ఆ వేళకు నవాబు కమ్మీలు పట్టుకుని తలకిందులుగా వేలాడతాడు. గొంతు చించుకుని అరుస్తాడు. ఆ అరుపులో మనుషుల మాట ఒక్కటీ ఉండదు. ఆ వేళకే షారుక్ కావాలని మిషన్ వేస్తాడు, వినపడకుండా.

"తీసుకపోవాల, షారూ."

"నువ్విచ్చిందే గదా!"

"అందుకే. అప్పుడు మనకు తెలీదు. ఇప్పుడు తెలిసి గమ్మునుంటే ఈ ఖాకీ ఎందుకు?"

"వదిలేస్తే గద్ద తన్నుకుపోతాది."

"ఊరికే వదలం. ముందు డాక్టర్ చూస్తాడు. పెద్ద జాలీ గదిలో తోటి చిలకల్తో పెడతారు. రెక్కల్లో బలం వచ్చి, గుంపుతో ఎగిరితేనే బయటికి." కాస్త ఆగి అంది. "నువ్వే అప్పగించినావని రేంజర్ సార్‌కు చెప్తా. ఆయన ఏమంటాడో తెలీదు. కానీ అబద్ధం చెప్పను. నిజంగా నీ చేత్తోనే ఇయ్యాల."

షారుక్ పంజరం దగ్గరికి వెళ్లాడు. ఈ ఇంట్లో షాహిదా గుర్తుగా మిగిలింది ఇదొక్కటే. ఇన్నాళ్లూ వాడు అడుగుతుంటే తనే అడుగుతున్నట్టు ఉండేది. వాడు వెళ్లిపోతే ఆ ప్రశ్న కూడా వెళ్లిపోతుంది.

కొక్కెం నుంచి పంజరం దించాడు. శనగపప్పు గిన్నె సర్దాడు. ఆమె చేతుల్లో పెట్టాడు. వేళ్లు తగిలాయి. ఇద్దరూ పంజరం వైపే చూశారు.

"ఇంతకూ కంప్లైంట్ ఇచ్చిందెవరు?" అన్నాడు.

"పేరు చెప్పలేదు. ఆఫీసుకు ఫోన్ వచ్చింది. ఎవరో పెద్దామె." షాహిదా గుర్తుచేసుకుంది. "కొత్తగా వచ్చిన ఆ పాపనే పంపండి, వేరేవాళ్లొస్తే తలుపు తీయం, అనిందంట..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. ఇద్దరి తలలూ ఒకేసారి తిరిగాయి.

రసూల్‌బీ వంకాయ ఒకటి తీసి పుచ్చేమోనని మహా శ్రద్ధగా చూస్తోంది.

"జేజీ!"

"ఏమప్పా, అట్ల అరుస్తావు? రైల్వే గేటు కాడ ఫారెస్టోళ్ల జీపులో చూసినా పాపను. ముఖానికి గుడ్డ లేదు, గడ్డం కింద నేను పసుపు పెట్టిన గాటు కనపడింది."

"అందుకని నవాబును పట్టిస్తావా?"

"వాడిని పట్టిస్తే బతుకుతాడు. నిన్ను పట్టియ్యకపోతే నువ్వు బతకవు." వంకాయ సంచిలో వేసింది. "నీ బదులు వాడు అడిగి అడిగి అలిసిపోయినాడు. ఇంగ నువ్వు అడుగు."

షాహిదా చెవులు ఎర్రబడ్డాయి. గబగబా స్కార్ఫ్ చుట్టేసుకుని, పంజరం ఎత్తుకుని బయటికి నడిచింది. గడప దాటింది.

చప్పుడు లేదు.

స్కూటీ ముందు పంజరం పెట్టింది. కోట మీద మబ్బు పట్టింది. కురుస్తుందో, ఎప్పటిలాగే ఆశపెట్టి పోతుందో తెలియదు. దాని కింద పచ్చటి గుంపొకటి కీచుమంటూ సాగిపోతోంది. నవాబు మెడ పైకెత్తి అటే చూస్తున్నాడు. ఆ ఇంటి గడప దాటిన మనిషిని వాడు అడగకపోవడం ఇదే మొదలు.

స్కూటీ స్టార్టయింది.

షారుక్ నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ జేజి వైపు చూశాడు. జేజి రెండు చేతుల్లోనూ వంకాయలున్నాయి.

"యాడికి పోతాండావ్?"

వీధంతా వినపడేలా అడిగాడు.

స్కూటీ ఆగింది. షాహిదా దిగింది. పంజరాన్ని జాగ్రత్తగా నీడలోకి తెచ్చి పెట్టింది. లోపలికొచ్చి అదే పరుపు మీద కూర్చుంది. నడుము దాకా దిగిపోయాక, తీరిగ్గా స్కార్ఫ్ విప్పింది.

"రేణిగుంటకైతే కాదు," అంది. "పోయి నీళ్లు తే."