ట్రాంట్ పీపా మీద జెండా

వాలింగా ఊరి నుంచి పడమటికి పోయే మట్టిరోడ్డు మీద, చీకటి పడ్డాక ఎవరూ బండి ఆపని చోటు ఒకటుంది. ఎండిపోయిన వాగు, వాగుకి అవతల గుంజ మీద అడ్డంగా బిగించిన నూనె పీపా. అది మెర్విన్ ట్రాంట్ అనే ముసలాయన టపా పెట్టె. ఆయన పోయి రెండేళ్లయింది, వెనకున్న ఇల్లు ఖాళీ. అయినా ఈమధ్య రాత్రిళ్లు ఆ ఇంట్లో దీపం కదులుతోందంటున్నారు. పీపా మీది రేకు జెండా దానంతటదే లేస్తోందట…

జెండా లేచిందంటే లోపల ఉత్తరం ఉన్నట్టు. టపా బండి ఆగి తీసుకోవాలి.

ఆ బండి గ్లెనిస్‌ది. అరవైకి దగ్గర పడిన మనిషి. గురువారం తెల్లవారకముందే బయల్దేరి, పశువుల మేతభూములన్నీ చుట్టి, ఉత్తరాలూ రొట్టెలూ మందులూ పంచి రాత్రికి ఊరు చేరుతుంది.

"ఏం గ్లెనిస్, మెర్వ్ దెయ్యానికి టపా ఇచ్చొచ్చావా?" అని బారు నడిపే డెస్ వారం వారం ఎగతాళి.

"ఇచ్చాను. నిన్ను అడిగానని చెప్పమన్నాడు."

అనేది గానీ, ఆ వాగు దగ్గర మాత్రం తల పక్కకి తిప్పేది కాదు. ఎందుకో ఆమెకొక్కదానికే తెలుసు.

మెర్వ్ పదకొండేళ్లు వారం తప్పకుండా కూతురికి ఉత్తరం రాశాడు. ఫోనుందిగా, మాట్లాడొచ్చుగా అంటే నవ్వేవాడు. "ఫోనులో మాటలకోసం నేను వెతుక్కోవాలి గ్లెనిస్. కలం పట్టుకుంటే అవే నన్ను వెతుక్కుంటూ వస్తాయి" అనేవాడు. కూతురి దగ్గర్నుంచి ఒక్క జవాబూ రాలేదు. ఆయనకి ఇవ్వాల్సిన టపా ఎలాగూ ఉండదు, వాగులో దిగితే ఇసుకలో బండి కూరుకుపోతుంది. దాంతో చివరి ఏడాది గ్లెనిస్ బద్ధకించింది. జెండా కనబడుతున్నా, వచ్చే గురువారం చూద్దాంలే అని పోయేది. అలా వరసగా మూడు గురువారాలు పోయింది. ఆ తర్వాత పశువులు కొనడానికి వచ్చినవాడెవడో ఆయన్ని మంచం మీద శవంగా చూశాడు.

కబురు వినగానే ఆమె వెళ్లి జెండా దించేసింది. పీపా తెరవడానికి మాత్రం చెయ్యి రాలేదు. పోలీసులు అడిగితే, జెండా అసలు లేవనే లేదని చెప్పింది.

మొన్నటి గురువారం రాత్రి వాగు పక్క వంపులో బండికి కంగారూ అడ్డం దూకింది. గ్లెనిస్ స్టీరింగు గట్టిగా తిప్పింది. బండి అడ్డం తిరిగి ఆగింది. దీపాల వెలుగు తిన్నగా పీపా మీద పడింది.

జెండా లేచి ఉంది.

పారిపోవచ్చు. ఆ పని మూడుసార్లు చేసిన మనిషే. ఈసారి కాళ్లు తనని అడక్కుండానే దిగాయి. ఇసుకలో నడిచింది… పీపా మూత తీసింది… లోపల చెయ్యి పెట్టింది…

కాగితం. టార్చి వేసి చూస్తే, "నాన్నకి" అని ఒక్క ముక్క. బొటనవేలికి సిరా అంటింది. ఇంకా ఆరలేదు.

"అది ఎక్కడికీ పోయేది కాదండీ."

వెనకనుంచి — మెల్లగా.

గ్లెనిస్ గిరుక్కున తిరిగింది. లాంతరు పట్టుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ముక్కు అచ్చంగా మెర్వ్‌దే.

"భయపెట్టానా? నేను లినెట్‌ని, ఆయన కూతుర్ని. ఇల్లు అమ్ముదామని నెల కింద అవతలి దారిన వచ్చాను. నాన్న ఉత్తరాలు ఒక్కటీ విప్పలేదు, అన్నీ అట్టపెట్టెలో పడేశాను. వాటిని వెంట తెచ్చుకుని, ఇక్కడికొచ్చాక చదివాను. ఇప్పుడు ఒక్కోదానికీ జవాబు రాసి, ఇందులో పెట్టి జెండా ఎత్తుతున్నాను."

లినెట్ లాంతరు ఒత్తి తగ్గించింది.

"రాస్తున్నంతసేపూ ఎంత హాయిగా ఉంటుందో… ఆ హాయి కోసమే రాసేవాడు కాబోలు. నేను చదవకపోయినా."

గ్లెనిస్ చేతిలోని కాగితాన్ని మళ్లీ పీపాలో పెట్టి మూత వేసింది.

"మీరేనా ఈ దారికి పాత డ్రైవరు?"

"కాదమ్మాయ్. కొత్తగా వచ్చాను."

"అలాగా. ఈ కవరు పీపాలో అడుగున దొరికింది. నాన్న రాతే గానీ నాకు కాదు. గ్లెనిస్ అట, ఎవరో. కనుక్కుని ఇస్తారా? నేను విప్పలేదు. ఒకరి ఉత్తరం ఇంకొకరు విప్పకూడదు కదా."

టపా ఇస్తే తీసుకోననడానికి లేదు. గ్లెనిస్ తీసుకుంది. లినెట్ లాంతరుతో ఇంట్లోకి వెళ్లిపోయింది.

బండెక్కి తలుపు వేసుకుని, టార్చి వెలుగులో కవరు చింపింది. అక్షరాలు గుండ్రంగా, తీరిగ్గా ఉన్నాయి. చివర్లో మాత్రం గీతలు వణికాయి.

"గ్లెనిస్, ఈ వారం కూతుర్ని పక్కనపెట్టి నీకు రాస్తున్నా, అసూయపడినా పడుతుంది. ఫోను పలకడం లేదు, నా బండి కదలడం లేదు. రెండు రోజులుగా ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. ఈ పీపాదాకా నడిచొచ్చేసరికే ప్రాణం పోయినంత పనైంది, మళ్లీ రాలేను. గురువారం ఇది చూడగానే ఒక్కసారి హారన్ కొట్టు, లేచి తలుపు తీస్తా. జెండా ఎత్తి పెట్టాను. నువ్వు చూసి కూడా ఆగకుండా పోయే మనిషివి కాదు."

గ్లెనిస్ రెండు చేతులూ హారన్ మీద పెట్టి నొక్కింది. చాలాసేపు తియ్యలేదు.