అమ్మమ్మ కుట్టు కొట్టు

బడి నుంచి వచ్చిన పిచ్చుక ఇంకా సంచి దించనే లేదు, అమ్మమ్మ పిలిచింది. కాలు ఒక్కచోట నిలవదని ఇంట్లో అందరూ ఆ పిల్లను పిచ్చుక అంటారు.

అమ్మమ్మకు కంటి ఆపరేషనై రెండు రోజులు. ఆ కంటికి కట్టు, రెండో కన్ను ఎప్పటినుంచో మసక. వీధి చివర ఆమె ముప్పై ఏళ్లు బట్టలు కుట్టిన కొట్టును మర్నాడు పొద్దున్నే కూలగొడతారట. ఒక్కసారి చూసొచ్చి ఎలా ఉందో చెప్పమంది.

పిచ్చుక ఒక్క పరుగున వెళ్లి చూసింది. అంతా కళ్లకు కట్టినట్టే ఉంది. తిరిగొస్తుంటే స్నేహితురాళ్లు తాడాట ఆడుతున్నారు. తానూ నాలుగు గెంతులు గెంతింది. ఇంటికొచ్చి నోరు తెరిచేసరికి, చూసిందంతా నీళ్లలో రంగులా కరిగిపోయింది.

ఏదో ఒకటి చెప్పాలిగా. తలుపు ఆకుపచ్చగా ఉందని, కిటికీలు రెండని చెప్పేసింది.



"రెండా? ఒక్కటే అనుకున్నానే. నాకే మతి తప్పుతోందేమో," అంది అమ్మమ్మ.

పిచ్చుక తల దించుకుని నిజం చెప్పేసింది.

అమ్మమ్మ కోప్పడలేదు. దగ్గరికి లాక్కుంది.

"ఒక్కసారి చూసింది కంటి గుమ్మం దాకే వస్తుందే. కళ్లు మూసుకుని తలుచుకో. ఏది తప్పిపోయిందో మళ్లీ చూసి పట్టుకో. నీకు ముందే తెలిసినదానితో ముడెయ్యి. అప్పుడు లోపలికొచ్చి కూర్చుంటుంది."

ఎండ వాలుతోంది. ఈసారి పిచ్చుక కొట్టు ముందు కదలకుండా నిలబడింది. చూసింది. కళ్లు మూసుకుంది. మళ్లీ చూసింది. గోడ మీద బీట, మ్యాపులో నదిలా వంకర్లు తిరిగింది. తలుపు తన కంపాస్ బాక్సు నీలం. దాని ముందు ఒక మెట్టు, బడి మెట్టంత ఎత్తు. కిటికీ ఒక్కటే, అందులో దుమ్ము బంగారంలా తేలుతోంది. రెప్పలు మూసినా కొట్టు చెక్కుచెదరలేదు.

దారిలో తాడాటకు పిలిచారు. తల అడ్డంగా ఊపి నేరుగా ఇంటికొచ్చి, అమ్మమ్మ పక్కన కూర్చుని అంతా చెప్పింది.

పది రోజులకు కట్టు విప్పారు. ఇద్దరూ వీధి చివరికి వెళ్తే, చదును చేసిన నేల తప్ప ఏమీ లేదు. ఎటు తిరగాలో తోచక అమ్మమ్మ నిలబడిపోయింది.

పిచ్చుక కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత అమ్మమ్మ చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపించింది.

"ఇక్కడ మెట్టుంది, అమ్మమ్మా. చూసుకో."

ఆ వట్టి నేల మీద అమ్మమ్మ మెల్లగా కాలెత్తి వేసింది.