చూపించని స్లైడ్

"ఏమండీ, ఆ బోర్డు నాది," అంది ఆమె.

"పేరు రాసుందా?" అన్నాడు అతను, తన పోస్టరుకి పిన్ను గుచ్చుతూనే.

"రాసుంది. మీ పోస్టరు కింద."

ఎత్తి చూస్తే నిజమే. ఫిజిక్స్ డిపార్ట్‌మెంటులో విద్యార్థుల పరిశోధన ప్రదర్శన జరుగుతోంది. కారిడార్‌లో అందరూ నవ్వేసరికి అతనికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కొన్నాళ్ళకే ఆ అమ్మాయి అతని గైడు దగ్గర రీసెర్చికి చేరింది. తగాదా కాస్తా స్నేహమైంది. మీరు పోయి నువ్వు వచ్చింది.

అతని లేజర్ ప్రయోగంలో సిగ్నల్ ఎప్పుడూ వణికేది. ఎందుకో అతనికి అంతుపట్టలేదు. ఆమె వచ్చి లేజర్ బల్ల మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది.

"పక్కగదిలో పంపు వేసినప్పుడల్లా బల్ల అదురుతోంది," అని తేల్చింది.

బల్ల కాళ్ళ కింద రబ్బరు దిమ్మలు పెట్టించాక సిగ్నల్ కుదురుకుంది. ఆ సాయంత్రం వానలో ఒకే గొడుగు కింద బస్టాపుకి నడిచారు.

"నువ్వు లేకపోతే నా థీసిస్ అటకెక్కేది."

"థీసిస్ ఒక్కటేనా?" అంది ఆమె, వానకేసి చూస్తూ.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. సెమినార్ అయ్యాక చెబుదాంలే అనుకున్నాడు.

సెమినార్‌లో బాగానే మాట్లాడాడు. టైమైందని బెల్ మోగేసరికి కంగారుపడి, ఆమె పేరున్న చివరి స్లైడ్ చూపించకుండానే దిగిపోయాడు. బయటినుంచి వచ్చిన ప్రొఫెసర్ భుజం తట్టి, "పంపు సంగతి భలే పట్టావయ్యా," అన్నారు.

"థాంక్యూ సర్," అన్నాడు. ఆమె పక్కనే ఉంది.

"స్టేజి మీద టైమ్ లేదు, సరే. ఇందాక ఆయనతో అనొచ్చుగా?" అని అడిగింది తర్వాత.

అతను కోపం తెచ్చుకున్నాడు. "ఒక్క పేరు కోసం ఇంత రాద్ధాంతమా?"

ఆమె బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

పట్టుబట్టి రీసెర్చి పేపర్లో ఆమె పేరే ముందు వేయించాడు. క్షమాపణ మాత్రం రేపు, రేపు అంటూ వాయిదా వేశాడు. ఈలోగా ఆమె వేరే యూనివర్సిటీకి మారిపోయింది.

ఏళ్ళు గడిచాయి. అతను అదే డిపార్ట్‌మెంటులో లెక్చరర్ అయ్యాడు. ఈసారి విద్యార్థుల టాక్‌లకి జడ్జిగా ఆమె వచ్చింది. "బాగున్నారా?" అని పలకరించింది. ఆ మన్నన అతనికి ముల్లులా గుచ్చుకుంది.

టీ విరామంలో కిటికీ దగ్గర ఇద్దరే మిగిలారు.

"ఆ రోజు తప్పు నాదే. అసలు అంతకుముందే నీకు ఇంకో మాట చెప్పాలనుకున్నాను."

"తెలుసు. ఆ మాట కోసమే ఇక్కణ్ణుంచి వెళ్ళడం కొన్నాళ్ళు ఆపుకున్నాను. నా బల్ల దాకా వచ్చి వెనక్కి తిరిగేవాడివి."

"నువ్వు పిలవాల్సింది."

"అదీ నేనే చెయ్యాలా?"

ఇంతలో ఆమె ఫోన్ మోగింది. "సాయంత్రానికి వచ్చేస్తా బంగారం. నాన్నని సతాయించకు," అని పెట్టేసి, "మా పాప," అంది.

"ఎవరి పోలిక?"

"వాళ్ళ నాన్న పోలికే. మనసులో ఏదీ దాచుకోదు, వెంటనే చెప్పేస్తుంది."

అతను నవ్వాడు. టీ ఎప్పుడో చల్లారిపోయింది. కప్పు కింద పెడితే ఆమె లోపలికి వెళ్ళిపోతుందేమోనని, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.