మూడో నల్లరుమాలు

“మూడోది వచ్చింది మేడం. ఇగ ఆయనే వస్తడు,” అంటూ జగదీశ్వర్ ముడివేసిన నల్లరుమాలును బల్ల మీద పెట్టాడు.

యాకుత్‌పురా రైల్వే స్టేషన్ దగ్గర టైలరు దుకాణం పైన ఉన్న ఆ చిన్న ఆఫీసులో డిటెక్టివ్ సుజన నిదానంగా ముడి విప్పింది. లోపల ఒక తాళంచెవి. పక్కన నిలబడ్డ అసిస్టెంటు కృపాకర్ ముందుకు వంగి చూశాడు. ‘నల్లరుమాలు’ నవలలు వందకు పైగా వచ్చాయి, అతను దొరికినవన్నీ చదివాడు. పేదలను పీడించేవాడి గుమ్మానికి రెండు రుమాళ్ళు హెచ్చరికగా కట్టి, మూడోదానితో శిక్షకు దిగే ఆ ముసుగు మనిషి పేరు చెబితే పాతబస్తీలో ఇప్పటికీ గొంతులు తగ్గుతాయి.

జగదీశ్వర్ తన సంగతి చెప్పాడు. ఛత్రినాకలో సొంత ఇల్లు. తల్లి నీలమ్మతో ఉంటాడు. వెనుక వాటాలో సలీమా, ఆమె కొడుకు కాషిఫ్ అద్దెకు ఉన్నారు. వాళ్ళను ఖాళీ చేయించాలని బోరు నల్లాకు తాళం వేశాడు. అప్పటి నుంచే రుమాళ్ళు. రాత్రి గేటుకు లోపలి నుంచి తాళం ఉంటుంది కనుక బయటివాళ్ళు వచ్చే వీలు లేదు. కాషిఫ్ దగ్గర ఆ నవలల సెట్టు మొత్తం ఉంది. ‘నల్లరుమాలు ఉంటే నీ సంగతి చూస్తుండె’ అని అందరి ముందూ అన్నాడు కూడా.

“రేపు స్టేషన్ల వాని పేరే ఇస్త,” అన్నాడు జగదీశ్వర్.

కాషిఫ్‌కు కరెంటు ఆఫీసులో ఉద్యోగం వచ్చి, పోలీసు వెరిఫికేషన్ నడుస్తోంది. ఈ ఫిర్యాదు పడితే ఆ ఉద్యోగం దక్కదు.

నల్లా తాళానికి రెండో చెవి ఎక్కడుందని సుజన అడిగింది. ఇంట్లో ఎక్కడో ఉంటుందని, అలాంటివన్నీ అమ్మే ఎత్తిపెడుతుందని జగదీశ్వర్ చెప్పాడు.

సుజన, కృపాకర్ ఆ ఇంటికి వెళ్ళేసరికి సలీమా వీధి నల్లా నుంచి బిందె మోసుకొస్తోంది. కాషిఫ్ తన పుస్తకాల బీరువా తెరిచి చూపించాడు. తాళంచెవి గురించి అడిగితే తెల్లబోయాడు.

“చెవి ఏంది మేడం? ‘ఎండిన బావి’ అని ఒక బుక్కుంది, దాంట్ల షావుకారు ఊరి బావికి తాళమేస్తడు. నల్లరుమాలు వచ్చి మూడో రుమాలు కట్టి, వాని చేతులు ఇరగ్గొడ్తడు. చెవి గిట్ల ఏం లేదు.”

వరండాలో బియ్యం ఏరుతున్న నీలమ్మ మాత్రం కొడుకు భయం చూసి ముసిముసిగా నవ్వుతోంది. మూడోది వచ్చాక భయమెందుకని, అది మాఫీ అని అంది. ముసలామెకు కథ సరిగ్గా గుర్తులేదనుకున్నాడు కృపాకర్. సుజన మాత్రం, పుస్తకాలు ఎక్కడ తెస్తారమ్మా అని అడిగింది. కరీం భాయ్ అద్దె పుస్తకాల దుకాణం నుంచే, పెళ్ళైన నాటి నుంచి అని చెప్పింది నీలమ్మ.

దుకాణంలో కరీం తీసిచ్చిన ‘ఎండిన బావి’ని సుజన చివరి నుంచి తిరగేసి మూసేసింది. ఆయనతో కాసేపు మాట్లాడి, తమతో రమ్మంది.

సాయంత్రం అందరూ వాకిట్లో కూర్చున్నారు.

“ఈ పని చేసినవారికి చెవి సంగతి తెలుసు,” అంది సుజన. “అచ్చు పుస్తకంలో అది లేదు. కాబట్టి కాషిఫ్ కాదు. కరీం భాయ్ కాపీకి చివరి పేజీలు ఎప్పుడో ఊడిపోయాయి. అద్దెకు తీసుకున్నవాళ్ళు ముగింపు ఏమిటని ఆయన్నే అడుగుతారు.”

“ఆడోల్లు, పిల్లలు అడుగుతుండ్రి,” అన్నాడు కరీం తల దించుకుని. “చేతులు ఇరగ్గొట్టిండని చెప్పబుద్ధి కాలే అమ్మా. నల్లరుమాలు షావుకారి తాళంచెవి వానికే ఇచ్చి, తాళం నువ్వేసినవ్, నువ్వే తియ్యి అంటడని చెప్పిన.”

కృపాకర్ కరీం వైపు తిరిగి చూశాడు. వీధి వీధంతా ఇన్నేళ్ళుగా, రచయిత రాయని ఒక వీరుణ్ణి నమ్ముకుని బతికింది.

“ఆ ముగింపు తెలిసి, ఇంటి తాళంచెవులు ఎత్తిపెట్టి, రాత్రి ఈ గేటు లోపల ఉండే మనిషి ఒక్కరే,” అంది సుజన. “ఆ చెవి దేనిదో పెట్టి చూడండి జగదీశ్వర్ గారూ.”

అతను భయంతో ఇంతవరకు దాన్ని ఏ తాళానికీ పెట్టి చూడలేదు. నల్లా తాళం ఇట్టే తెరుచుకుంది. తల్లి వైపు తిరిగాడు.

“నువ్వు గూడ కరీం భాయ్ బుక్కే సదివినవనుకున్న,” అంది నీలమ్మ. “నోటితోని చెప్తే ఇన్నవారా?”

“నేను హాస్టల్ల కొత్తది కొనుక్కొని సదివిన అమ్మా. చేతులు ఇరగ్గొట్టిందే సదివిన.”

జగదీశ్వర్ బిందె అందుకుని నల్లా కింద తానే పెట్టాడు. స్టేషన్‌కు పోయేది లేదని సలీమాకు చెప్పాడు, ఇల్లు ఖాళీ చేయనక్కర్లేదన్నాడు. సలీమా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

కాషిఫ్ మాత్రం కరీంనే చూస్తున్నాడు.

“చాచా, గిట్ల ఆఖరి పేజీలు లేని బుక్కులు ఇంకెన్నున్నయ్?”

“మస్తున్నయ్ బేటా.”

సెట్టంతా చదివేశాననుకున్న ఆ కుర్రాడు మెట్టు మీద చతికిలబడ్డాడు.

“మొదటిదాని నుంచి చెప్పు,” అన్నాడు.