రవళి ముఖం తిప్పుకున్న రోజు

“గంత చిన్న ముక్క చూసెతందుకు ఇన్ని దినాలా మేడం?”

సంగారెడ్డి ఆస్పత్రిలో ల్యాబ్ కిటికీ ముందు శ్రీశైలం గొంతు పెంచాడు. అతనిది చిట్కుల్. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ మెషిన్ నడుపుతాడు. వాళ్ళమ్మ సంగమ్మకు రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసి వారం దాటింది. తీసిన గడ్డను పరీక్షకు పంపారు గానీ రిపోర్ట్ ఇంకా రాలేదు.

లోపలున్న టెక్నీషియన్ రవళి గ్లౌజులు తీసేసి కిటికీ దగ్గరకొచ్చింది.

“అన్నా, బియ్యం పలుకు మీదుండంగనే గంజి వంచితే తింటవా?”

“ఏంది?”

“ముక్క మందునీళ్ళల్ల నానాలె. మైనంల పెట్టి ఉల్లిపొర కన్నా పల్చగ కొయ్యాలె. రంగులేసినంక డాక్టరమ్మ చూస్తది. అంచుల దాంక పాకిందా, చంకలకు పోయిందా, ఏ మందుకు లొంగుతది, అన్నీ అండ్లనే తెలుస్తయి. తొందరపడి తప్పు మందిస్తే కష్టం మీ అమ్మకే గద?”

శ్రీశైలానికి వచ్చేటప్పుడున్న కోపం చల్లారింది.

మర్నాడు కట్టు మార్పించడానికి తల్లిని తీసుకొచ్చి, బెంచీ మీద కూర్చోబెట్టి ఇడ్లీకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి తల్లి పక్కన రవళి ఉంది.

“కీమో ఇస్తే ఎంటికలు ఊడుతయంట గద బిడ్డా?” సంగమ్మ అడుగుతోంది.

“అందరికీ ఇయ్యరు అత్తమ్మా. రిపోర్ట్ చూసినంకనే చెప్తరు.”

శ్రీశైలం పొట్లం పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. “నేనేమో అన్న, మా అమ్మేమో అత్తమ్మ. వరస కుదురుతలేదు మేడం.”

రవళి చెవులు ఎర్రబడ్డాయి. “అయితే అన్నా అనుడు బంద్ చేస్త,” అంటూ గబగబా ల్యాబ్‌లోకి వెళ్ళిపోయింది. సంగమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

రిపోర్ట్ వచ్చే రోజు ఒకటే వాన. వరండాలో రవళి ఎదురైంది. శ్రీశైలాన్ని చూస్తూనే చటుక్కున ముఖం తిప్పేసుకుంది.

రిపోర్ట్ బాగా రాలేదనుకున్నాడు అతను. తల్లి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకోలేక, బైకులు పెట్టే రేకుల షెడ్డు కిందికి పోయి నిలబడ్డాడు.

కాసేపటికి గొడుగేసుకుని రవళి వచ్చింది. “ఈడున్నవా? డాక్టరమ్మ పిలుస్తుంది, రా.”

“నన్ను చూసి మొఖమెందుకు తిప్పుకున్నవ్? నాకు సమజైంది లే.”

“ఏం సమజైంది? రిపోర్ట్ చెప్పాల్సింది డాక్టరమ్మ, నేను కాదు. నిన్ను చూస్తే నవ్వాగుతలేదని...” రవళి నాలుక కరుచుకుంది.

వాన రేకుల మీద దబదబా కొడుతోంది. శ్రీశైలం ఆమె వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. “ఇంకోపారి అను.”

“అన. నడువు!”

డాక్టర్ భవాని సంగమ్మ చెయ్యి పట్టుకుని చెప్పింది. “అంచులు శుభ్రంగా ఉన్నాయమ్మా. చంకలోకి పాకలేదు. మీకు వచ్చింది హార్మోన్ మాత్రలకు లొంగే రకం. కొన్ని వారాలు రేడియేషన్, తర్వాత కొన్నేళ్ళు మాత్రలు. కీమో అవసరం లేదు.”

సంగమ్మ చేతులు జోడించింది. శ్రీశైలం కళ్ళు తుడుచుకున్నాడు, దాచుకోకుండానే.

పట్నంలో రేడియేషన్ పూర్తయ్యాక ఒక మధ్యాహ్నం అతను ల్యాబ్ కిటికీ దగ్గరకొచ్చాడు.

“మళ్ళేమైంది?” రవళి కంగారుపడింది.

“అమ్మ మంచిగనే ఉంది. నిన్ను చూడకుంటే నాకే మంచిగుంటలేదు. అమ్మను తోల్కొని మీ ఇంటికి రావాల్నని ఉంది. నీకిష్టమైతేనే.”

రవళి చేతిలోని సీసాకు చీటీ అంటించింది. అది వంకరగా అంటుకుంది.

“ఆదివారం మా నాయిన ఇంట్లనే ఉంటడు,” అంది తలెత్తకుండా.

బీరంగూడలోని వాళ్ళింట్లో ఆదివారం రవళి తండ్రి నరసరాజు చాలా ప్రశ్నలే అడిగాడు. చివరికి సంగమ్మ వైపు తిరిగి, “పిలగాడు ఎట్లాంటోడమ్మా?” అన్నాడు.

“కన్నతల్లిని, మెచ్చుకోక ఏం చేస్తనన్నా? ఒక్క మాట చెప్త. ఆపరేషన్ అయినంక నాకు చెయ్యి పైకి లేవకపాయె. దినాం వీడే తల దువ్వి జడేసిండు. వంకరటింకరగనే ఏసిండు గని, ఒక్కనాడు ఇసుక్కోలే.”

శ్రీశైలం సిగ్గుతో నేల చూపులు చూశాడు.

“రవళీ, చాయ్ పెట్టు బిడ్డా,” అన్నాడు నరసరాజు. అంతలోనే తనే లేచాడు. “వద్దులే, నేను పెడత. నువ్వొచ్చి వీళ్ళ పక్కన కూసో.”