ముప్ఫై నాలుగో ఫొటోలో ఇద్దరు

పగలు పదకొండు గంటలు. దెయ్యాలు కూడా బయటికి రావడానికి నామోషీ పడే వేళ. ఎండ ఎలా కాస్తోందంటే, మా వరండాలో పిల్లి తన తోకనే గొడుగులా పట్టుకుని కూర్చుంది. నేను చెప్పేదాంట్లో సగం కొట్టేసి మిగతాది నమ్మడం మా ఇంట్లో అలవాటు. మీరూ అలాగే చేయండి, నాకేం అభ్యంతరం లేదు. సెల్లార్లోకి దిగిన తరవాత చెప్పేదాంట్లో మాత్రం ఏమీ కొట్టేయకండి.

మాది స్టీలు సామాన్ల వ్యాపారం. ఇప్పుడంతా ఫోన్లో బొమ్మ చూసి కొనేవాళ్లే కాబట్టి కొట్టు ఎత్తేశాం. పని చేసేది ముగ్గురం. నా మనవరాలు ఇంటి కింద సెల్లార్లో ఫొటోలు తీస్తుంది. వాటిలో మరకలూ గీతలూ చెరిపేది రబ్బరు. ముగ్గురు పిల్లల తండ్రి, వేరే ఊళ్లో తన ఇంట్లోనే కూర్చుని చేస్తాడు. ఆ పేరు నేను పెట్టిందే, అతనికీ నచ్చింది. ఇక నేను పైన మంచమ్మీద ట్యాబ్ పట్టుకుని తప్పులు వెతుకుతాను. ఆ విద్య నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఫొటో తీయగానే ట్యాబ్‌లోకి వచ్చేస్తుంది. తప్పు ఉన్నచోట వేలు పెడితే ఎర్ర చుక్క పడుతుంది, పక్కన కామెంట్ రాయాలి. రబ్బరు అది సరిచేసి టిక్ పెడితే చుక్క పచ్చగా మారుతుంది. మొదట్లో నేను నాలుగు పేజీలు రాస్తే రబ్బరు అయిదు పేజీలు జవాబిచ్చేవాడు. మనవరాలు విసిగిపోయి ఒక నియమం పెట్టింది. ఒక చుక్కకు ఒకే మాట. రాసింది రాసినట్టు చేసేయాలి, ఎదురు ప్రశ్న వేయకూడదు. ఆ నియమమే మా కొంప ముంచింది.

ఆ రోజు పొద్దున కూడా సరదాగానే ఉన్నాం. పన్నెండో ఫొటోలో నేను రాశాను: "మూత మీద దుమ్ము. అందులో వరి నాటొచ్చు."

రబ్బరు: "కోతలకు మనుషులు దొరకరు మామ్మగారూ."

మనవరాలు: "ఇద్దరూ నోరు మూసుకుని పని చూడండి."

అయిదో ఏట తల్లీ తండ్రీ పోయి నా ఒళ్లో పడ్డ పిల్ల అది. దానికి నేనూ, నాకు అదీ. అంతే.

స్టీలుతో ఒక చిక్కుంది. ఎదురుగా ఏముంటే అది అందులో కనిపిస్తుంది. అందుకని సెల్లార్ గోడలన్నిటికీ నల్లగుడ్డలు కట్టాం. మనవరాలు నల్లగౌను, నల్లటోపీ, నల్లచేతితొడుగులు వేసుకుని తీస్తుంది. అయినా కెటిల్ పొట్ట మీద కెమెరా, దాని వెనక వంగి నిలబడ్డ మనిషి బియ్యపుగింజంత చిన్నగా, నల్లగా పడతారు. ఆ గింజని రబ్బరు చెరిపేస్తాడు.

ముప్ఫై నాలుగో ఫొటో వచ్చింది. పెద్ద కెటిల్. పొట్ట మీద గింజలు... రెండు.

వేళ్లతో లాగి పెద్దది చేశాను. ఒకటి కెమెరా మీదకు వంగి ఉంది, మా పిల్ల వంగినట్టే. రెండోది వెనక గోడకు ఆనుకుని నిటారుగా నిలబడింది. నల్లటి ఒళ్లు. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి పలక. కళ్లు లేవు, ముక్కు లేదు.

మెట్ల దగ్గరికి వెళ్లి కేకేశాను. "ఒసేయ్, కింద ఇంకెవరున్నారే?"

"ఎవరుంటారు నానమ్మా! నేనూ, దోమలూ."

నాకు ఒళ్లంతా చెమటలు, బకెట్లకు బకెట్లు. పిల్ల వెనకాలే నిలబడి ఉంటే దానికేం తెలుస్తుంది? చెబితే వెనక్కి తిరిగి చూస్తుంది. చూస్తే ఏమవుతుందో! నాకు తోచింది ఒక్కటే. గోడ దగ్గరున్న దాని మీద వేలు పెట్టాను. ఎర్ర చుక్క పడింది. రాశాను.

"గోడ దగ్గరున్నదాన్ని తీసేయ్. ఇప్పుడే."

వేలు ఎత్తకముందే చుక్క పచ్చగా మారింది.

గోడ దగ్గర ఎవరూ లేరు. ఉత్త నల్లగుడ్డ. హమ్మయ్య అనుకుని చెంబెడు నీళ్లు తాగాను. తాగి చూసేసరికి నా మాట కింద ఇంకో మాట ఉంది. మనవరాలు తన ఫోన్లోంచి రాసింది.

"నానమ్మా తీయించకు. గోడ దగ్గర తెల్ల అట్ట పట్టుకున్నది నేనే. వెలుతురు కోసం. కెమెరాకి టైమర్ పెట్టి వెనక్కి వచ్చా. కెమెరా దగ్గర ఎవరూ లే"

అంతే. మాట పూర్తి కాలేదు.

పిలిచాను. మళ్లీ పిలిచాను.

సెల్లార్‌కి పద్నాలుగు మెట్లు. ఆ రోజు నాలుగొందలు. ట్యాబ్ చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుని దిగాను. ఒక్కో మెట్టు దిగేకొద్దీ ఎండ వెనకబడింది. పాలిష్ పొడి వాసన. దీపాల వేడికి కమిలిన గుడ్డ వాసన. వాటి అడుగున ఇంకేదో... వానాకాలంలో ఎన్నాళ్లుగానో మూసి ఉంచిన బీరువా వాసన.

దీపాలు వెలుగుతున్నాయి. బల్ల మీద కెటిల్ మెరుస్తోంది. గోడ దగ్గర నేల మీద తెల్ల అట్ట బోర్లా పడి ఉంది. దాని పక్కన ఫోన్.

పిల్ల లేదు.

సెల్లార్‌కి ఇంకో తలుపు లేదు. నల్లగుడ్డలు ఒక్కొక్కటే తడిమాను. గోడ. గోడ. గోడ. బల్ల కింద చూశాను. సామాన్ల పెట్టెలన్నీ ఒలకబోశాను. "బంగారు తల్లీ, ఆటలాడకే, నానమ్మ గుండె ఆగిపోతుందే..."

టక్.

కెమెరా. దాని దగ్గర ఎవరూ లేరు. దానంతట అదే...

ట్యాబ్‌లోకి ముప్ఫై అయిదో ఫొటో వచ్చింది. కెటిల్ పొట్ట మీద రెండు గింజలు. ఒకటి నేను, తెల్లజుట్టు, చంకలో ట్యాబ్. రెండోది కెమెరా దగ్గర. అది ఇప్పుడు కెమెరాలోకి వంగి లేదు. నా వైపు తిరిగి ఉంది.

పారిపోవచ్చు. పారిపోతే పిల్ల? ట్యాబ్‌లోంచే రబ్బరుకి ఫోన్ చేశాను.

"బాబూ, సెల్లార్లోంచి చేస్తున్నా, చెరిపింది వెనక్కి పెట్టు. నీ కాళ్లు పట్టుకుంటా. ముప్ఫై నాలుగు..."

"ఏ ముప్ఫై నాలుగు మామ్మగారూ? పదిన్నర నుంచీ మాకు కరెంటే లేదు. నేనేమీ తెరవలేదు."

"మరి టిక్ ఎవరు పెట్టారు?"

అతను మెల్లగా, "మీరు ముందు పైకి వెళ్లిపోండి," అన్నాడు.

వెళ్లలేదు. పచ్చ చుక్కను నొక్కి మళ్లీ ఎర్రగా మార్చాను. పచ్చబడింది. మార్చాను. పచ్చబడింది. రెండువేల సార్లు మార్చి ఉంటాను. ఏడుస్తూ మార్చాను, తిడుతూ మార్చాను. దేవుళ్లందరినీ పేరుపేరునా పిలుస్తూ మార్చాను. పచ్చబడుతూనే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది మా నియమం. రాసింది రాసినట్టు చేయాలి. టిక్ పెడుతున్నది ఎవరైనా, మా నియమం పాటిస్తున్నారు కదా! ముప్ఫై నాలుగులో ఖాళీగా ఉన్న నల్లగుడ్డ మీద కొత్త చుక్క పెట్టాను.

"ఇక్కడ నా మనవరాలు ఉండాలి. పెట్టు."

చుక్క ఎర్రగానే ఉండిపోయింది. చాలాసేపు. వీపు మీద చల్లగా ఊపిరి తగిలింది... తిరగలేదు. కింద ఒక మాట వచ్చింది. రాసినవాళ్ల పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

"ఎలా ఉంటుంది?"

నా చేతుల్లో పెరిగిన పిల్ల. నేను పుట్టాక మొదటిసారి ఉన్నది ఉన్నట్టు రాయాలని కూర్చున్నాను. ఒక్కో చుక్కకు ఒక్కో మాట. చామనఛాయ. నా భుజం దాటి ఎత్తు. కుడి కనుబొమలో చిన్న గాటు. నవ్వితే కింది పళ్లలో ఒకటి వంకర. గొంతు కాస్త బొంగురు. చుక్క పెట్టడం, పచ్చబడటం. పచ్చబడటం, ఇంకోటి పెట్టడం. జుట్టు దగ్గర మాత్రం చెయ్యి ఆగలేదు, పాత అలవాటు. మెడ దాకా ఉండేదాన్ని "నడుము దాకా" అని రాశాను. అరవై మూడు చుక్కలు. దీపం ఒకటి ఠప్పుమని పేలింది.

"నానమ్మా, కింద కూర్చున్నావేంటి?"

గోడ దగ్గర నిలబడి ఉంది. నల్లగౌను. టోపీ కిందనుంచి జుట్టు... నడుము దాకా.

పట్టుకుని ఏడ్చాను. ఏమీ అడగలేదు. పైకి తీసుకొచ్చి మంచమ్మీద పడుకోబెట్టి దాని చెయ్యి నా చేతుల్లోకి తీసుకున్నాను. అరచెయ్యి నున్నగా ఉంది, అప్పుడే కడిగిన పళ్లెంలా. ఒక్క గీత లేదు. అరచేతిలో గీతల సంగతి ఎవరు రాస్తారు చెప్పండి!

ఆ రాత్రే ఫొటోలో దాని అరచేతుల మీద చుక్కలు పెట్టాను. తెల్లారేసరికి గీతలు వచ్చాయి. మర్నాడు చూస్తే తన పేరు తనకు తెలియదు. రాశాను. నిద్రపోవడం తెలియదు, కళ్లు తెరుచుకుని పడుకుంటుంది. రాశాను. అమ్మానాన్నలు పోయిన రోజు నా కొంగు పట్టుకుని ఏం అడిగిందో అదీ రాశాను. రోజూ ఏదో ఒకటి గుర్తొస్తుంది, రోజూ ఏదో ఒకటి మరిచిపోతాను. వయసు మీద పడ్డ బుర్ర, ఎన్నని గుర్తుపెట్టుకుంటుంది? నేను మరిచిపోయింది దానికి లేకుండా పోతుంది. రబ్బరు మా పని మానేశాడు. సెల్లార్‌కి తాళం వేశాను. ఏడు నెలలుగా నేను చేస్తున్న పని ఇదొక్కటే. లెక్కపెట్టాను కూడా, నాలుగొందల పన్నెండు చుక్కలు. ఇందులో ఒక్కటీ ఎక్కువ చెప్పడం లేదు.

నిన్న చూస్తే నాలుగొందల పదమూడు ఉన్నాయి.

ఆఖరిది నేను పెట్టింది కాదు. ఫొటోలో దాని మెడ వెనక, జుట్టు కింద సగం దాగి ఉంది. పక్కన మాట ఏమీ రాసి లేదు. అయినా పచ్చగా ఉంది.

పొద్దున దువ్వెన పట్టుకుని, "రావే, జడ వేస్తాను," అన్నాను.

రోజూ వచ్చి నా మోకాళ్ల ముందు కూర్చునే పిల్ల, గోడకు వీపు ఆనించి నిలబడింది.

"వద్దు నానమ్మా," అంది. "ఇవాళ్టి నుంచీ నేనే వేసుకుంటా."