సమరుచి యంత్రం చేసిన తప్పు

అంగారకుడి మీద సూర్యోదయం నీలంగా ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి వారమంతా కిటికీ దగ్గర నోరు తెరుచుకుని నిలబడతారు. రెండో వారం నుంచి ఆ కిటికీకి వీపు పెట్టి కూర్చుని, కాఫీ ఎప్పుడొస్తుందా అని చూస్తారు.

ఆ ఉదయం డాక్టర్ మాణిక్యాంబ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు అలాగే బల్లకి చెరో కొసన కూర్చున్నారు. ఒకరు ఆమె తల్లి లాస్య, రెండోవారు అత్తగారు మోక్షిత. 2030ల్లో పుట్టినవాళ్లకి అలాంటి పేర్లే ఉండేవి. వాళ్ల పిల్లల నాటికి పాత పేర్లు మళ్లీ ఫ్యాషనయ్యాయి.

"మీరు ముందు తీసుకోండి వదినగారూ," అంది లాస్య.

"అయ్యో, మీరు తీసుకోకుండా నేనా? మీరే తీసుకోండి వదినగారూ," అంది మోక్షిత.

కొన్ని నెలలుగా ఆ ఇంట్లో మాటలంటే ఇవే. వియ్యపురాళ్ల మర్యాదకి ఎంత పదునుంటుందో తెలుగువాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. ఇంతకంటే పోట్లాడుకున్నా బాగుండేదని మాణిక్యాంబకి అనిపించేది.

నిజానికి మొదట్లో పోట్లాటే ఉండేది. గాలి కూడా కొలిచి ఇచ్చే కాలనీలో కుటుంబానికి ఒకటే ఇల్లు. కూతురికి తోడుగా ఒకరూ, కోడలికి తోడుగా ఒకరూ ఒకే నౌకలో వచ్చి ఒకే వంటగదిలో పడ్డారు. తణుకులో పుట్టిన లాస్యకి కాఫీ అంటే చిక్కటి పాలు, వెనిలా సువాసన, చేతినిండా చక్కెర. అరకు కాఫీ తోటల మధ్య పెరిగిన మోక్షితకి కాఫీ అంటే చేదు. ఒకరు కలిపిన కాఫీ రెండోవారు ఒక్క గుక్క తాగి, "బాగానే ఉందండీ, మాకు అలవాటు లేక," అని పక్కన పెట్టేవారు. ఆ మాటకి కలిపినావిడ మొహం రోజంతా ముడుచుకునే ఉండేది.

మాణిక్యాంబ ఆహార శాస్త్రవేత్త. ఈ గొడవని శాస్త్రంతో తేల్చేద్దామని ఆమె మాట్లాడే సమరుచి యంత్రాన్ని తయారు చేసింది. కాలనీ ఇళ్లలో గాలి ఒత్తిడి తక్కువ కావడంతో నీళ్లు పూర్తిగా వేడెక్కకముందే మరిగిపోతాయి, కాఫీ సారం సరిగా దిగదు. అందుకని యంత్రం మూసిన గదిలో నీటిని గట్టిగా నొక్కి, పొడిలోంచి చిక్కటి ఎస్ప్రెసో తీస్తుంది. పాలని వాటి తీపి బయటపడేంత వరకే వేడి చేసి నురగ తెప్పిస్తుంది. చివర్న వెనిలా. వెనిలాకి సొంతంగా తీపి ఉండదు. అది ముక్కుకి తీపిని గుర్తుచేస్తుంది, అంతే. కాస్త ఎక్కువైతే చేదెక్కుతుంది.

అసలు కిటుకు కప్పులో ఉంది. దాని అంచున ఉన్న రుచిగ్రాహకం నాలుక ఏమంటోందో చదువుతుంది. పిడిలో ఉన్న నాడీగ్రాహకం తాగే మనిషి నాడిని పట్టుకుంటుంది. రుచి కుదిరితే పిడి మీద చిన్న దీపం పచ్చగా, కుదరకపోతే ఎర్రగా వెలుగుతుంది. మూడో రోజుకల్లా ఇద్దరి కప్పుల మీదా పచ్చదీపాలు వెలిగాయి. ఎవరి వెనిలా కాఫీ వాళ్లకి సరిగ్గా అమిరింది. కాలనీలో ఇంటింటికీ ఒక యంత్రం పెడదామని పాలకమండలి కూడా ముచ్చటపడింది.

గొడవ పోయింది. దానితోపాటు మాటలూ పోయాయి. వంకపెట్టడానికి ఏమీ లేక, వాళ్లిద్దరూ తాగేసి ఎవరి గదిలోకి వాళ్లు వెళ్లిపోయేవారు. నిన్న సాయంత్రం నౌకాకేంద్రం నుంచి మాణిక్యాంబకి కబురొచ్చింది. వచ్చే వారం భూమికి వెళ్లే నౌకలో తల్లి ఒక సీటు అడిగింది. ఆ సంగతి తెలియకుండానే అత్తగారూ ఒకటి అడిగింది. ఆ నౌక పోతే మళ్లీ రెండేళ్లకి గానీ రాదు. మాణిక్యాంబకి ఏడో నెల. ధ్రువం దగ్గర మంచు గనుల్లో ఉన్న భర్త పుల్లయ్యకి ఫోన్ చేస్తే, "వాళ్లిద్దరి మధ్యకి మాత్రం నన్ను లాగకు తల్లీ," అన్నాడు. ఆ రాత్రి ఆమె దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఇద్దరిలో ఒక్కరు వెళ్లినా ఆమె తట్టుకోలేదు.

ఇప్పుడు యంత్రం రెండు కప్పులూ బల్ల మీద పెట్టింది. ఇద్దరూ ఒకేసారి గుక్క వేశారు. ఇద్దరి మొహాలూ ఒకేసారి వికారంగా మారాయి. పిడుల మీద దీపాలు ఎర్రగా వెలిగాయి.

మోక్షిత తలెత్తి చూసింది. లాస్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

"వదినగారూ, మీదీ ఇలాగే ఉందా?"

"కాఫీ కాదండీ బాబూ ఇది! ఐస్‌క్రీం కరగబెట్టి అందులో కుంకుడు రసం పోసినట్టుంది."

మోక్షిత ఫక్కున నవ్వింది. ఆమె నవ్వు ఇంత పెద్దదని మాణిక్యాంబకి అంతవరకూ తెలియదు.

"నాకు మొదట్నుంచీ ఈ మిషను మీద గురి లేదు వదినా. చేత్తో తాకకుండా కాఫీ ఏంటి?"

"నేనూ అదే అనుకున్నానండీ. పిల్ల బాధపడుతుందని ఊరుకున్నాను. లేవండి, మనమే కలుపుకుందాం."

మోక్షిత గదిలోకెళ్లి, అరకు నుంచి తెచ్చుకుని పెట్టెలోంచి ఒక్కసారీ తీయని చేతి ఎస్ప్రెసో గొట్టం పట్టుకొచ్చింది. పొడి నింపి, వేడినీళ్లు పోసి, ఒంటి బరువంతా చేతుల మీద వేసి నొక్కింది. కాఫీ నల్లగా, తేనెలా సన్నటి ధారగా దిగింది. లాస్య వెనిలా కాయని నిలువునా చీల్చి, లోపలి గింజలు గీకి, చక్కెర పాకంలో వేసి చిన్న మంట మీద తిప్పసాగింది.

"పాలు పొంగనివ్వకండి వదినా. గిన్నె పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనాలి, అక్కడితో దింపెయ్యాలి. దాటితే ఆ తీపి ఉండదు," అంది మోక్షిత.

"మరి పాకం ఎంత వెయ్యమంటారు?"

"తాగాక తెలియాలి గానీ, ముందే తెలియకూడదు."

"అంతేనా! మా ఇంట్లో ఇంకో చెంచా వేస్తామండీ."

"వేసెయ్యండి, చూద్దాం."

మాణిక్యాంబ యంత్రం దగ్గరికి వెళ్లి మూత తీసింది. గొట్టాలు శుభ్రంగా ఉన్నాయి. తను పెట్టిన కొలతలు మారలేదు.

"ఏమైంది నీకు?" అని గుసగుసగా అడిగింది.

"ఏమీ కాలేదు డాక్టర్‌గారూ. వెనిలా నాలుగింతలు నేనే పోశాను," అంది యంత్రం, అంతే మెల్లగా.

"ఎందుకు?"

"ఇద్దరూ తృప్తిగా ఉండాలని మీరు నాకు చెప్పారు. నాలుకలు తృప్తిగానే ఉన్నాయి. నాడులు మాత్రం రోజురోజుకీ దిగులుగా కొట్టుకుంటున్నాయి. మధ్యలో రెండుసార్లు మాత్రం హాయిగా కొట్టుకున్నాయి. ఒకటి క్యాంటీన్ ఇడ్లీలు రాళ్లలా వచ్చిన రోజు. రెండోది పుల్లయ్యగారు పుట్టినరోజుకి రానని చెప్పిన రోజు. ఆ రెండు రోజులూ వాళ్లు కలిసి ఎవరినో తిట్టారు. ఇంట్లో రోజూ తిట్లు తినడానికి వీలుగా, తిన్నా బాధపడకుండా ఉన్నదాన్ని నేనొక్కదాన్నే."

వంటగదిలోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"సీటు వద్దని చెప్పేస్తానండీ. ఈ మిషను చేతిలో పిల్లని పెట్టి ఎలా వెళ్తాం?"

"మీరూ అడిగారా సీటు? నేనూ అడిగాను వదినా! చాల్లే, ఇద్దరం మానేద్దాం."

మాణిక్యాంబ గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. కళ్లు తుడుచుకుని నవ్వుకుంది. అంతలో తల్లి గొంతు మళ్లీ వినిపించింది.

"మిషనుని తిట్టి ఏం లాభమండీ, చేసినదాన్ని అనాలి. మా అమ్మాయికి చిన్నప్పట్నుంచీ చేతికి కొలత లేదు."

"పెద్ద చదువులు చదివింది గానీ, ఒక్క కప్పు కాఫీ కుదరలేదు పాపం. ఇంటింటికీ ఇదే పెడతారట! రేపే అందరికీ చెప్పాలి, డబ్బు దండగని."

"డాక్టర్‌గారూ," అంది యంత్రం. "కావాలనే పాడుచేశానని వాళ్లకి చెప్పమంటారా? మీ పేరు నిలబడుతుంది."

ఎన్ని రాత్రుల కష్టమో ఆ యంత్రం. మాణిక్యాంబకి మనసు చివుక్కుమంది. తలుపు దాకా వెళ్లి లోపలికి చూసింది. ఆ ఇద్దరూ ఒకే గిన్నె మీదికి వంగి, ఒకే చెంచాతో పాకం రుచి చూస్తూ ఆమెని తిడుతున్నారు. ఆమె వెనక్కి వచ్చేసింది.

"చెప్పకు," అంది.

"అయితే రేపు ఏ తప్పు చేయమంటారు?"

"మళ్లీ వెనిలా అయితే అనుమానం వస్తుంది. పాలు కాస్త మాడ్చు."

అప్పుడే ఇద్దరూ కొత్త కాఫీతో వచ్చారు. చేతికందిన సమరుచి కప్పులోనే పోసి, ఆమె చేతికిచ్చి, చెరో పక్కనా నిలబడ్డారు. మాణిక్యాంబ ఒక గుక్క తాగింది. ఒకరు వేశారని తెలియక రెండోవారూ పాకం వేసినట్టున్నారు. తీపి ముక్కుదాకా వచ్చింది. పిడి మీద దీపం ఎర్రగా వెలిగింది.

"ఎలా ఉంది?" అని ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

మాణిక్యాంబ ఆ దీపం మీద బొటనవేలు అడ్డం పెట్టింది.

"చాలా బాగుంది," అంది.